ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్: టేబుల్ బట్టీ పట్టకుండా చదవడం ఎలా?

ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అంటే టైమ్‌లో ఉన్న సిగ్నల్‌ని అందులోని ఫ్రీక్వెన్సీల రూపంలో రాయడం. సిగ్నల్స్ పేపర్‌కి చదివేవాళ్లలో చాలామంది ఏ సిగ్నల్‌కి ఏ ట్రాన్స్‌ఫార్మ్ వస్తుందో చూపే ఫోరియర్ టేబుల్ మొత్తం బట్టీ పడతారు. నేనైతే నాలుగే జతలు నోటికి పెట్టుకున్నాను: ఇంపల్స్, రెక్టాంగ్యులర్ పల్స్, ఎక్స్‌పొనెన్షియల్, గాసియన్. మిగతావి చాలావరకు ప్రాపర్టీలతో రాబట్టుకోవచ్చు.

ఉదాహరణకి, సింక్ స్క్వేర్‌ని మైనస్ ఇన్ఫినిటీ నుంచి ప్లస్ ఇన్ఫినిటీ దాకా ఇంటిగ్రేట్ చేయమన్నారనుకోండి. ఇక్కడ సింక్ అంటే సైన్ పై ఎక్స్ బై పై ఎక్స్. నేరుగా దిగితే పేజీ నిండుతుంది. కానీ ఆ సింక్ వెడల్పు 1, ఎత్తు 1 ఉన్న పల్స్‌కి ట్రాన్స్‌ఫార్మ్. పార్సెవల్ సూత్రం ప్రకారం టైమ్‌లో ఎంత ఎనర్జీ ఉందో ఫ్రీక్వెన్సీలోనూ అంతే. పల్స్ స్క్వేర్ కింద ఏరియా 1, కాబట్టి జవాబు 1. అదే పల్స్‌ని దానితోనే కన్వాల్వ్ చేస్తే (ఒకదాన్ని తిప్పి, రెండోదాని మీదుగా జరుపుతూ గుణించి కూడితే) త్రిభుజం వస్తుంది. టైమ్‌లో కన్వల్యూషన్ ఫ్రీక్వెన్సీలో గుణకారం అవుతుంది, అంటే త్రిభుజానికి ట్రాన్స్‌ఫార్మ్ సింక్ స్క్వేర్. ఇది సరైనదేనా? సున్నా ఫ్రీక్వెన్సీ దగ్గర విలువ సిగ్నల్ ఏరియాకి సమానం కావాలి. త్రిభుజం అడుగు 2, ఎత్తు 1, ఏరియా 1. సరిపోయింది. మల్టిపుల్ చాయిస్‌లో ఈ ఒక్క చెక్‌తోనే తప్పు ఆప్షన్లు కొన్ని ఎగిరిపోతాయి.

హెర్ట్జ్‌లో రాస్తున్నారా, రేడియన్లలోనా అన్నది లెక్క మొదట్లోనే రాసి పెట్టుకోండి. రెండూ కలిపితే 2పై ఎక్కడో తప్పిపోతుంది, ఎంత వెతికినా దొరకదు.

థియరీకి ఎక్కువ టైమ్ పెట్టక్కర్లేదు. ఫోరియర్ ఇదంతా మొదలుపెట్టింది వేడి ఎలా ప్రసరిస్తుందో తేల్చడానికి, ఆ పుస్తకం 1822లో వచ్చింది. ఎమ్మారై స్కానర్ సేకరించేది ఫ్రీక్వెన్సీ డేటానే, ఇన్వర్స్ ట్రాన్స్‌ఫార్మ్ చేశాకే బొమ్మ కనిపిస్తుంది. జేపెగ్‌లో 8×8 బ్లాకుల మీద పనిచేసేది దీని దగ్గరి చుట్టం కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. ఈమాత్రం చాలు.

మిగిలిన టైమంతా డీఎఫ్‌టీకి (శాంపిళ్ల మీద చేసే డిస్క్రీట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్‌కి) ఇవ్వండి, నా లెక్కలో మార్కులు అక్కడే ఉన్నాయి. ముఖ్యంగా సర్క్యులర్ కన్వల్యూషన్, అంటే చివర దాటిన శాంపిళ్లు మళ్లీ మొదటికి చుట్టుకొచ్చే రకం. అలా చుట్టుకోని మామూలు రకం లీనియర్. నాలుగేసి శాంపిళ్లున్న రెండు సీక్వెన్సులకి లీనియర్ జవాబులో 7 శాంపిళ్లు ఉంటాయి. 4 పాయింట్ డీఎఫ్‌టీలు గుణించి వెనక్కి తెస్తే చివరి మూడూ మొదటి మూడింటి మీద వచ్చి పడతాయి. లీనియర్ జవాబుతో కచ్చితంగా కలిసేది నాలుగోది ఒక్కటే. సున్నాలు చేర్చి కనీసం 7కి పెంచితే ఈ గొడవ ఉండదు. ఎఫ్ఎఫ్‌టీ (డీఎఫ్‌టీని వేగంగా లెక్కించే పద్ధతి) వాడితే 8కి పెంచడం సులువు. దీన్ని కాగితం మీద చేత్తో వేసి చూడండి, వీడియో చూస్తే పట్టుబడదు.

ఎఫ్ఎఫ్‌టీలో గుణకారాల సంఖ్య తరచూ అడుగుతారు. 1024 పాయింట్లకి నేరుగా చేస్తే 10,48,576. 1965లో కూలీ, ట్యూకీ ప్రచురించిన పద్ధతిలో, రాడిక్స్ 2కి (పాయింట్లని ప్రతిసారీ రెండు సగాలుగా విడదీసే రకానికి), 5,120. ఫార్ములా ఎన్ బై 2 ఇంటూ లాగ్ ఎన్, లాగ్ బేస్ 2. కూడికలకి ఆ బై 2 ఉండదు, ప్రశ్నలో ఏది అడిగారో చూసుకుని రాయండి.