కలకత్తా రగ్బీ క్లబ్బు చరిత్ర కూర్చడం: నా అనుభవం

నాలుగు పేజీల వ్యాసం. తేలిగ్గా అయిపోతుందనుకుంటే మూడు అంకెల దగ్గరే ఆగిపోయింది: 1792, 1872, 1965. కలకత్తా రగ్బీ మీద ఎక్కడ చదివినా ఈ మూడూ కలగలిసి కనిపిస్తాయి. వీటిని విడదీయకుండా మొదటి వాక్యం రాస్తే తర్వాతివన్నీ తప్పుతాయి.

ఇవాళ బాలీగంజ్‌లో ఉన్న కలకత్తా క్రికెట్ అండ్ ఫుట్‌బాల్ క్లబ్బు చెప్పుకునే 1792 క్రికెట్ క్లబ్బుది. రగ్బీకి ఆ ఏడాదితో ఏ సంబంధమూ లేదు. ఇంగ్లండులోని రగ్బీ స్కూలు విద్యార్థులు తమ ఆట నిబంధనల్ని తొలిసారి కాగితం మీద పెట్టిందే 1845లో. 1872 డిసెంబరు 25న కలకత్తాలో ఒక రగ్బీ పోటీ జరిగింది. ఒకవైపు ఇంగ్లండు వాళ్ళు, రెండోవైపు స్కాట్లండు, ఐర్లండు, వేల్స్ వాళ్ళు కలిసి, జట్టుకు ఇరవై మంది. ఆ ఉత్సాహంతో 1873 జనవరిలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు ఏర్పడింది. క్లబ్బు పుట్టిన ఏడాది 1872 అని కొందరు, 1873 అని కొందరు రాయడానికి కారణం ఇదే. ఒకరు ఆటను లెక్కపెడుతున్నారు, ఇంకొకరు క్లబ్బును. నేను రెండు తేదీలూ విడివిడిగా రాశాను. ఇక 1965 క్రికెట్ క్లబ్బు, ఫుట్‌బాల్ క్లబ్బు కలిసిపోయిన ఏడాది.

తర్వాతి చిక్కు ‘ఫుట్‌బాల్’ అన్న మాట. ఆ కాలపు కాగితాల్లో అది రగ్బీ కావచ్చు, సాకర్ (మనం ఇవాళ ఫుట్‌బాల్ అనే ఆట) కావచ్చు. క్లబ్బు పేరులో ఫుట్‌బాల్ ఉన్నా 1870లలో వాళ్ళు ఆడింది రగ్బీయే. 1874లో ఇంగ్లండులోని రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌లో సభ్యులుగా చేరారు కూడా. కానీ 1896లో ఐ.ఎఫ్.ఏ. (ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్) షీల్డు గెలిచిన కలకత్తా ఎఫ్.సి. ఆడింది సాకర్. పేరు చూసి ఈ గెలుపును రగ్బీ ఖాతాలో వేస్తే అంతే సంగతులు. వార్తలో ‘ట్రై’ (బంతిని గీత దాటించి నేలకు ఆనించడం) అన్న మాటో, జట్టుకు పదిహేను లేదా ఇరవై మంది పేర్లో కనిపిస్తే అది రగ్బీ. పదకొండు మందే ఉంటే సాకర్. రెండూ లేని వార్తను పక్కన పెట్టేశాను.

స్కోర్ల దగ్గర ఇంకాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. తొలినాళ్ళలో పాయింట్లు లేవు, గెలుపు నిర్ణయించేది గోల్సే. ట్రై అన్న పేరు కూడా అందుకే వచ్చింది: బంతిని గీత దాటించి నేలకు ఆనిస్తే గోలుకు తన్నే ప్రయత్నానికి హక్కు వచ్చేది, అంతవరకే. ట్రైకి 1893 నుంచి 3 పాయింట్లు, 1971 నుంచి 4, 1992 నుంచి 5. అందుకని పాత ఫలితాన్ని నేటి పాయింట్లలోకి మార్చకూడదు. ‘ఒక గోలు, రెండు ట్రైలు’ అని ఉంటే అలాగే దించాలి. మార్చి రాసిన పట్టికలు చూడటానికి నీటుగా ఉంటాయి కానీ, అప్పట్లో డ్రా అయిన ఆటలో ఎవరో ఒకరు గెలిచినట్టు తేలుతుంది.

ఒక చిన్న జాగ్రత్త. వార్త అచ్చయిన తేదీ, ఆట జరిగిన తేదీ ఒకటి కావు. ‘నిన్న’, ‘గత శనివారం’ అని ఉంటే క్యాలెండరు పెట్టుకుని వెనక్కి లెక్కేసి, పక్కన ‘లెక్కించినది’ అని గుర్తు పెట్టాలి. ఫొటోలను 600 డీపీఐలో స్కాన్ చేసి, ఫైలు పేరు ఏడాది-నెల-రోజు వరసలో పెడితే వాటంతటవే కాలక్రమంలో అమరుతాయి. ఫొటో వెనకవైపు కూడా స్కాన్ చేయాలి. పేర్లు ఉండేది అక్కడే.

1873లో పుట్టిన ఆ తొలి రగ్బీ క్లబ్బు నాలుగైదేళ్ళకే ఎందుకు మూతపడిందన్నది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. కలకత్తా వేడి ఒకటి. ఆడేవాళ్ళలో సైనికులుండటం ఇంకొకటి: పటాలం బదిలీ అయితే జట్టులో సగం రైలెక్కినట్టే. పోలో, టెన్నిస్ వైపు జనం మళ్ళారు. అన్నిటికీ మించి క్లబ్బులో ఉచితంగా పోసే బారు ఆగిపోయింది. దాంతో సభ్యులూ తగ్గారు! ఔత్సాహిక క్లబ్బు నడిపినవాళ్ళెవరికైనా ఈ చివరి కారణం విడమరచి చెప్పనక్కర్లేదు.

బ్యాంకులో మిగిలిన డబ్బును ఏం చేయాలన్న ప్రశ్నకు దారి చూపినవాడు జి.ఎ. జేమ్స్ రాత్నీ. కెప్టెనూ, కార్యదర్శీ, కోశాధికారీ ఆయనే. ఒకే మనిషికి మూడు పదవులంటే అప్పటికి క్లబ్బు ఎంత పలచబడిందో తెలుస్తుంది. ఆ సొమ్ముతో కప్పు చేయించి ఇస్తామని 1877 డిసెంబరు 20న ఆయన లండన్‌కు, రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌కు ఉత్తరం రాశాడు. సాకర్‌లో ఎఫ్.ఏ. కప్పులాగా క్లబ్బుల పోటీకి అది వాడతారని కలకత్తావాళ్ళ ఆశ. యూనియన్ ఒప్పుకోలేదు, ఇంగ్లండు-స్కాట్లండు ఆటకు కేటాయించింది. అదే కలకత్తా కప్పు.

ఖాతా మూసి తీసుకున్న 270 వెండి రూపాయలను కరిగించారు. ఇక్కడ నేను లెక్క వేసి చూశాను. అప్పటి రూపాయి బరువు సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు, పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి. 270 తులాలంటే దాదాపు 3.15 కిలోలు, అందులో అచ్చమైన వెండి 2.89 కిలోల దాకా. అయితే ‘కప్పు బరువు మూడు కిలోలు’ అని రాయకూడదు. కరిగించడంలో తరుగు ఎంతో, కూలి ఎందులోంచి ఇచ్చారో కంసాలి పక్కన కూర్చున్నవాడికే తెలియాలి. నాణేల బరువు ఇంత అని మాత్రమే రాసి ఊరుకున్నాను. కప్పు ఎత్తు సుమారు 18 అంగుళాలు. మూడు పిడులూ పడగెత్తిన నాగుపాములు, మూత మీద అంబారీతో ఏనుగు.

పేరుతో ఇంకో తిరకాసు ఉంది. 1884లో కలకత్తాలో రగ్బీ మళ్ళీ మొదలైంది. 1890 నాటికి అక్కడి క్లబ్బుల పోటీకి వేరే కప్పు పెట్టారు. దాన్నీ కలకత్తా కప్పు అనే పిలిచారు. కాబట్టి కలకత్తాలో ఎవరో ‘కలకత్తా కప్పు గెలిచారు’ అని వార్త కనిపిస్తే అది ఈ రెండోది. మొదటిది ఇంగ్లండు, స్కాట్లండు జట్లు తప్ప ఇంకెవరూ గెలవలేదు.

కప్పు కింది చెక్కపీఠం మీద గెలిచిన దేశం పేరు, ఇద్దరు కెప్టెన్ల పేర్లు ఏడాదివారీగా ఉంటాయి. రాళ్ళ మీద, లోహం మీద చెక్కినదాన్ని నమ్మడం మనకు అలవాటు. కానీ ఆ వరస 1871 నుంచి మొదలవుతుంది. అప్పటికి కప్పూ లేదు, దాన్నిచ్చిన క్లబ్బూ లేదు. రెండు దేశాల మధ్య తొలి ఆట నుంచి లెక్క చూపించారన్నమాట. పీఠాన్ని చూసి కప్పు పోటీలు లెక్కపెడితే మొత్తం ఎక్కువ వస్తుంది.

చివరికి మూడు నిలువు వరసల పట్టిక గీశాను: ఏడాది, కలకత్తాలో ఏం జరిగింది, కప్పుకు ఏం జరిగింది. 1878 నుంచి 1883 దాకా నడిమి వరస ఖాళీ. పక్క వరసలో మాత్రం 1879 మార్చి 10 ఉంది: ఎడిన్‌బరో, రేబర్న్ ప్లేస్, కప్పు కోసం మొదటి ఆట, చెరో గోలుతో డ్రా.