పదహారేళ్ల మోకాలు

పోయిన డిసెంబరులో ఒక ఆదివారం సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "వీడు మెట్లు ఎక్కలేకపోతున్నాడురా, ఒకసారి రా" అంది. వేదాయపాళెంలో వాళ్లింటికి వెళ్లేసరికి మా మేనల్లుడు మంచం మీద కాళ్లు చాపుకుని, టవల్లో ఐసు ముక్కలు చుట్టి కుడి మోకాలి మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఈ ఏడాదిలోనే నా భుజం దాటి పెరిగాడు. టవల్ తీసి చూశాను. మోకాలి చిప్పకి రెండు వేళ్ల కింద, ముందువైపు ఎముక మీద ఉసిరికాయంత బుడిపె. బొటనవేలితో మెల్లగా నొక్కితే "మామా!" అని నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

ఆ రోజు పొద్దున ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడొచ్చాడు, అంతకు ముందు రోజు ఒకటి, ఆ వారంలో స్కూలు టీమ్‌తో ఇంకో మూడు. వాడు బాగా ఆడతాడు, వాడికొచ్చిన కష్టం కూడా అదే. కాలిలో బంతి నిలబడే పిల్లోడు ఒకడున్నాడని తెలిస్తే స్కూలు వాళ్లకి కావాలి, పేటలో పెద్దవాళ్ల టీమ్‌కి కావాలి, ఆదివారం టోర్నమెంటుకి జట్టు కట్టే ప్రతి ఒక్కరికీ కావాలి. నెల ముందే నొప్పి అని చెప్పాడట. జట్టు నడిపే ఒకాయన స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి, "ఏం కాదులే, సెకండాఫ్ ఆడు" అని లోపలికి పంపాడట. ఆ సంగతి వాడు మాకు చెప్పింది ఆ రాత్రే. ఎందుకు దాచావురా అంటే, చెబితే ఇంక మ్యాచ్‌లకి పంపరని భయమేసిందన్నాడు. అన్నిసార్లూ వాణ్ని బండి మీద ఎక్కించుకుని గ్రౌండుకి తీసుకెళ్లింది నేనే. గ్రౌండు అంచు గీత పక్కన నిలబడి "పరిగెత్తరా" అని అరిచింది కూడా నేనే. అందుకే ఈ పోస్టు రాయకుండా ఉండలేకపోయాను.

ఆ మోకాలు చూడగానే నాకు స్పెయిన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఆన్సు ఫాతి గుర్తొచ్చాడు.

2019 ఆగస్టు 25న స్పెయిన్‌లోని పెద్ద క్లబ్బు బార్సిలోనా తరఫున మొదటిసారి దిగేనాటికి అతనికి 16 ఏళ్ల 298 రోజులు. పుట్టింది పశ్చిమ ఆఫ్రికాలోని గినీ-బిసావులో. తండ్రి బతుకుతెరువు కోసం స్పెయిన్ వస్తే, ఆరేళ్లప్పుడు మిగతా కుటుంబమూ వచ్చి సెవిల్ దగ్గర ఎర్రెరా అనే చిన్న ఊళ్లో స్థిరపడ్డారు. పదేళ్లకి బార్సిలోనా వాళ్ల అకాడమీ లా మాసియాలో చేరాడు. 13 ఏళ్లప్పుడు ఒకసారి కాలు విరిగింది, కోలుకున్నాడు. ఇంత చిన్న వయసులో పెద్ద టీమ్‌లోకి రావడానికి ప్రతిభ ఒక్కటే కారణం కాదు. అప్పుడు మెస్సీ, సువారెజ్, దెంబెలే ముగ్గురూ గాయాలతో బయట కూర్చున్నారు. ఒకళ్ల గాయంతో తెరిచిన తలుపు ఇంకొకళ్ల గాయంతోనే మూసుకుంటుందని అప్పుడెవరూ అనుకోలేదు, నేను అసలే అనుకోలేదు.

ఆ రోజుల్లో స్పెయిన్ క్లబ్బుల లీగు లా లిగా మ్యాచ్‌లు మనకి ఫేస్‌బుక్‌లో ఉచితంగా వచ్చేవి. సెప్టెంబరు 14, వాలెన్సియాతో మ్యాచ్. మనకి అర్ధరాత్రి పన్నెండున్నరకి మొదలు. ఇంట్లో అందరూ పడుకున్నాక ఫోన్ వెలుగు తగ్గించుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తున్నాను. రెండో నిమిషంలో కుడివైపు నుంచి తన టీమ్‌లోని డి యోంగ్ ఇచ్చిన బంతిని ఫాతి ఆపకుండా అలాగే గోల్లోకి కొట్టాడు. ఏడో నిమిషంలో ఎడమవైపు ఒకణ్ని దాటేసి వెనక్కి లాగి ఇచ్చాడు, ఈసారి డి యోంగ్ గోల్ కొట్టాడు. ఒకే లా లిగా మ్యాచ్‌లో గోల్ కొట్టి ఇంకొకటి కొట్టించిన అతి చిన్నవాడు అప్పటికి అతనే. ఆ డిసెంబరులో మిలాన్ వెళ్లి ఇంటర్ మీద గోల్ కొట్టాడు, 17 ఏళ్ల 40 రోజులకి, యూరప్ క్లబ్బులన్నీ ఆడే ఛాంపియన్స్ లీగ్‌లో అతి చిన్న వయసు గోల్ అది. 2020 సెప్టెంబరులో స్పెయిన్ దేశం తరఫున ఉక్రెయిన్ మీద కొట్టాడు, అక్కడా రికార్డే. అక్టోబరులో రియల్ మాడ్రిడ్ మీద. ప్రతి పది రోజులకీ ఒక రికార్డు వార్త చదివి మేం సంబరపడేవాళ్లం. ఆ లెక్కల్లో ఆ పిల్లోడి కాళ్లు ఎన్ని నిమిషాలు పరిగెత్తాయన్నది మాత్రం ఎవరం చూడలేదు.

2020 నవంబరు 7. కరోనా రోజులు, స్టేడియంలో జనం లేరు. బెతిస్‌తో మ్యాచ్, మనకి రాత్రి ఎనిమిదీ ముప్పావుకి. పెనాల్టీ బాక్సులో బెతిస్ ఆటగాడు మాండీ ఫాతిని పడేశాడు. రెఫరీ పెనాల్టీ ఇచ్చాడు, గ్రీజ్‌మన్ కొట్టింది ఆగిపోయింది, నేను ఆ పెనాల్టీ పోయిందే అని బాధపడుతూ కూర్చున్నాను. ఆ పిల్లోడు లేచి మళ్లీ ఆడాడు కదా, అతని సంగతి పట్టలేదు. సెకండాఫ్‌కి అతని బదులు మెస్సీ వచ్చాడు, అందరం మెస్సీని చూశాం. మర్నాటికి తెలిసింది, ఎడమ మోకాల్లో మెనిస్కస్ చిరిగింది.

మెనిస్కస్ అంటే తొడ ఎముకకీ ముంగాలి ఎముకకీ మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి. అర్ధచంద్రాకారంలో ఉంటుంది. పరిగెత్తేటప్పుడు, ఒక్కసారిగా తిరిగేటప్పుడు బరువులో చాలా భాగం దాని మీదే. దానికి బయటి అంచులో తప్ప రక్తం సరిగ్గా అందదు, అందుకే లోపలివైపు చిరిగితే దానంతటది అతుక్కోవడం కష్టం. ఆ చిరిగిన ముక్క కోసి తీసేస్తే ఆటగాడు త్వరగా తిరిగొస్తాడు కానీ ఆ మెత్త జీవితాంతం తగ్గిపోతుంది. కుట్టు వేస్తే మెత్త మిగులుతుంది, కోలుకోవడానికి నెలలు పడుతుంది. పద్దెనిమిదేళ్ల పిల్లోడు కాబట్టి ముందు కుట్టే వేశారు. నాలుగు నెలలన్నారు. కుట్టు నిలవలేదు, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు చేయాల్సి వచ్చి నాలుగు నెలలు కాస్తా పది నెలలు దాటాయి.

ఈలోగా మెస్సీ బార్సిలోనా వదిలి వెళ్లిపోయాడు. 2021 సెప్టెంబరులో, ఇంకా గ్రౌండులోకి దిగకముందే, అతనికి మెస్సీ వేసుకున్న 10 నంబరు జెర్సీ ఇచ్చారు. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఇదే. పది నెలల పాటు నడక మళ్లీ నేర్చుకున్నవాడి వీపు మీద అంత బరువు పెట్టాల్సిన అవసరం ఏముంది? ఆ నెల 26న లెవాంతే అనే టీమ్ మీద చివర్లో దింపితే, దిగిన పది నిమిషాలకి గోల్ కొట్టాడు. నేరుగా స్టాండ్స్‌లోకి ఎక్కి తనకి వైద్యం చేసిన క్లబ్బు డాక్టరుని, ఇంట్లోవాళ్లని వాటేసుకున్నాడు. ఆ దృశ్యం చూసి ఏడ్చాను. కానీ నవంబరులో తొడ కండరం పట్టేసింది, 2022 జనవరిలో మళ్లీ అదే. బ్రైటన్ క్లబ్బుకి ఒక సీజన్, 2025లో మొనాకో క్లబ్బుకి, రెండుసార్లూ లోన్ మీదే, అంటే తాత్కాలికంగా అప్పిచ్చినట్టు పంపారు. ఆ 10 నంబరు ఇప్పుడు అదే క్లబ్బులోని లమీన్ యమాల్ వీపు మీద ఉంది, అతను మొదటిసారి దిగింది ఇంకా చిన్నప్పుడు, 15 ఏళ్లకి. అదే క్లబ్బులోని ఇంకో కుర్రాడు పేద్రీ సంగతీ అంతే, 2020-21 సీజన్లో క్లబ్బుకీ దేశానికీ కలిపి 70కి పైగా మ్యాచ్‌లు ఆడించారు, ఆ తర్వాత రెండేళ్లు తొడ కండరాలతో అవస్థ పడ్డాడు. స్కానింగులు, ఫిజియోలు, డబ్బు అన్నీ ఉన్నచోటే ఇలా జరిగితే, ఎండకి గట్టిపడ్డ నేల మీద చెప్పులు లేకుండా మొదలుపెట్టిన మా పిల్లల సంగతేంటి?

సోమవారం వాణ్ని ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఎక్స్‌రే చూసి, మెనిస్కస్ కాదు, కంగారు పడొద్దన్నారు. ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారట. ఎదిగే వయసులో ఎముక ముందు పొడుగవుతుంది, కండరం దానికి తగ్గట్టు సాగడానికి టైం పడుతుంది. తొడ ముందు కండరం మోకాలి చిప్ప మీదుగా వచ్చి ముంగాలి ఎముకకి అతుక్కునే చోట ఎముక ఇంకా గట్టిపడి ఉండదు. బంతిని తన్నిన ప్రతిసారీ, ఎగిరిన ప్రతిసారీ కండరం ఆ చోటుని లాగుతుంది. అలా లాగి లాగి అక్కడ వాచి బుడిపె వస్తుంది. ఎదుగుదల ఆగితే మామూలుగా నొప్పి అదే పోతుందని, అప్పటిదాకా ఆట తగ్గించాలని, తొడ కండరాలు సాగదీసే వ్యాయామాలు రోజూ చేయాలని చెప్పారు. వాడు ఒక్కటే అడిగాడు, "ఎన్ని మ్యాచ్‌లు పోతాయి సార్?" ఆయన నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, ముందు రెండు నెలలు పూర్తిగా ఆపాలి, తర్వాత నొప్పిని బట్టి చూద్దాం, ఆ తర్వాత కూడా వారానికి ఒక్క మ్యాచే అన్నారు.

బయటికొచ్చాక బండి దగ్గర వాడు ఏడ్చాడు. నేనేం సర్దిచెప్పలేదు, ఏడవనిచ్చాను. ఆ రాత్రి ఫాతి లెవాంతే గోల్ వీడియో పెట్టి చూపించాను. గోల్ కాదు, ఆ తర్వాతది చూడమన్నాను. "డాక్టర్ని ఎందుకు పట్టుకున్నాడు మామా?" అన్నాడు. ఆ పది నెలల కథ మొత్తం చెప్పాను. విని చాలాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున స్కూలుకి ముందు గోడ పట్టుకుని, మడమ వెనక్కి పట్టి తొడ సాగదీస్తున్నాడు. అక్క పక్కన కాఫీ గ్లాసు పట్టుకుని ముప్పై దాకా లెక్కపెడుతుంది. శనివారం రాత్రి అయ్యేసరికి ఫోన్లు మాత్రం ఆగలేదు. పోయిన వారం కూడా ఒకాయన చేశాడు, "సెమీస్ అన్నా, ఒక్క ఇరవై నిమిషాలు ఆడితే చాలు" అని. ఫోన్ స్పీకర్లో ఉంది. నేను నోరు తెరిచేలోపు వాడే అన్నాడు, "మార్చిలో చెయ్యండన్నా" అని.