కోర్‌లో డాలర్-డీ కనిపిస్తే

హాస్కెల్ భాషలో టైప్ క్లాస్ (ఒక టైపుకి ఏయే ఫంక్షన్లు ఉండాలో చెప్పేది) పైకి ఎంత ముచ్చటగా ఉన్నా, దాని కంపైలర్ జీహెచ్‌సీ లోపల వాడుకునే చిన్న భాష కోర్‌లోకి దిగితే ఒట్టి రికార్డు. దాన్నే డిక్షనరీ అంటారు. ఫంక్షన్‌కి అదనంగా వెళ్లే ఇంకో ఆర్గ్యుమెంటు, అంతే. 1989లో వాడ్లర్, బ్లాట్ చెప్పిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది.

పెద్దా చిన్నా పోల్చే క్లాస్ ఆర్డ్. దాని డిక్షనరీలో 8 గళ్లు. మొదటిది సూపర్‌క్లాస్ ఈక్ (సమానమా కాదా చూసేది), తర్వాత కంపేర్, నాలుగు పోలికలు, మ్యాక్స్, మిన్. డాలర్-పీ1-ఆర్డ్ అని కనిపిస్తే కంగారొద్దు, ఆర్డ్‌లోంచి ఈక్‌ని బయటికి లాగుతోందన్నమాట.

పేరు డాలర్-ఎఫ్‌తో మొదలైతే ఇన్‌స్టాన్స్ (ఫలానా టైపుకి రాసిన అమలు) ఏదో తేలిపోయినట్టే. గడిలోంచి మెథడ్‌ని తీసే సెలెక్టర్ దాని మీద పడగానే, కోర్‌ని సులువు చేసే సింప్లిఫయర్ అసలు మెథడ్‌ని నేరుగా పెట్టేస్తుంది. లాంబ్డా ఆర్గ్యుమెంటుగా డాలర్-డీతో మొదలయ్యే పేరు ఉందా, ఆ డిక్షనరీని ఇంకా ఎవరో అందించాలి. లూపులో అది మిగిలితే ప్రతి కూడికకీ ఏదో తెలియని ఫంక్షన్‌కి కాల్, పైగా ఇంట్‌ని డబ్బాలో పెట్టడం, తీయడం.

ఒక్కో టైపుకి విడి కాపీ చేసి డిక్షనరీని తీసేయాల్సిన స్పెషలైజర్ దాన్ని ఎందుకు వదిలేసింది? ముందు ఆప్టిమైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి (నవ్వకండి, ఇది మామూలే). ఉంటే, ఆ రికర్సివ్ ఫంక్షన్ వేరే మాడ్యూల్లో ఇన్‌లైనబుల్ ప్రాగ్మా (కంపైలర్‌కి రాసే సూచన) లేకుండా కూర్చుని ఉంటుంది. దాని కోడ్ మిగతా మాడ్యూళ్లు చూసే ఇంటర్‌ఫేస్ ఫైల్లోకి చేరదు. పాలిమార్ఫిక్ రికర్షన్‌ని (ఫంక్షన్ తనని తానే వేరే టైపుతో పిలుచుకోవడం) మాత్రం ప్రాగ్మా కూడా కాపాడదు. ఒక టైపు నుంచి దాని లిస్టుకి, ఆ లిస్టు నుంచి లిస్టుల లిస్టుకి, అడుగడుక్కీ హీపులో కొత్త డిక్షనరీ పుడుతుంది. ఎన్ని కాపీలు కావాలో కంపైల్ టైములో తేలదు.

డంప్-సింప్ల్ ఫ్లాగ్‌తో కోర్ తీసేటప్పుడు, టైపు మార్పుల రుజువుల్ని దాచే సప్రెస్-కోయర్షన్స్ చాలు. సప్రెస్-ఆల్ పెడితే టైపు ఆర్గ్యుమెంట్లూ మాయమై, స్పెషలైజర్ ఏ టైపు దగ్గర ఆగిపోయిందో కనిపించదు.