రోస్టర్‌లో ఉండని సంతోషాలు

మెల్‌బోర్న్‌లో మనవాళ్లు నలుగురు కలిస్తే మాటలు పీఆర్‌తో, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే వీసాతో, మొదలై పీఆర్ దగ్గరే ఆగుతాయి. వీసాకు పాయింట్లు ఎన్ని వచ్చాయి, దరఖాస్తు చేసుకోమని ఇన్విటేషన్ ఎప్పుడొస్తుంది, అద్దె మళ్లీ ఎంత పెంచారు. అవసరమైన మాటలే, కాదనను. కానీ కాగితాలు చేతికొచ్చాక అప్పుడు బతుకుదాంలే అనుకునేవాళ్లను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ ఎదురుచూపులో పోయే ఏళ్లు కూడా మన ఆయుష్షులోవే కదా.

నేను ఏజ్డ్ కేర్‌లో, అంటే ఒక వృద్ధాశ్రమంలో, పని చేస్తాను. సాయంత్రం షిఫ్ట్ ముగించుకుని ట్రామ్ స్టాప్‌లో నిలబడే సమయం నాకు చాలా ఇష్టం. అక్కడే ఆకాశం చూడటం అలవాటైంది. భూమధ్యరేఖ దాటి ఇంత దిగువకు వచ్చాం కాబట్టి ఇక్కడ చందమామ తిరగబడి కనిపిస్తాడు, ఆయనలోని కుందేలు కూడా. శుక్లపక్షంలో వెలుగు ఎడమ వైపు ఉంటుంది. మనకు దక్షిణాన కిందెక్కడో కనిపించే అగస్త్య నక్షత్రం ఇక్కడ జనవరి రాత్రుల్లో దాదాపు నడినెత్తికి వస్తుంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. అందుకే ఇక్కడ ఇల్లు చూసేటప్పుడు ఉత్తరం వైపు కిటికీలు ఉన్నాయా అని అడుగుతారు. కారణం తెలిసిన రోజు నాకు ఎంత సంబరమైందో చెప్పలేను. డబ్బుతో, వీసాతో పని లేని సంబరం అది.

చెట్ల సంగతి ఇంకా బాగుంటుంది. విరిగిన కొమ్మలూ తెగుళ్లూ కనిపిస్తే జనం చెప్పడానికి వీలుగా ఉంటుందని 2013లో ఇక్కడి నగరపాలక సంస్థ ఒక్కో చెట్టుకూ ఒక నంబరు, ఒక ఈమెయిల్ చిరునామా ఇచ్చింది. సుమారు 70 వేల చెట్లకు! జనమేమో ఫిర్యాదులకు బదులు ప్రేమలేఖలు రాశారు. రోజూ నీ నీడలో నడుస్తున్నాను, నువ్వు బాగుండాలి అని. కొన్నిటికి చెట్టు పేరుతో జవాబులూ వెళ్లాయి. యూరప్‌లో, ఉత్తర అమెరికాలో కోట్ల ఎల్మ్ చెట్లను ఒక శిలీంధ్రం చంపేసింది. ఆ తెగులు ఆస్ట్రేలియాకు రాలేదు. రాయల్ పరేడ్ రోడ్డుకు రెండు వైపులా ఆ వృక్షాలు పచ్చగా నిలబడి ఉన్నాయి. పని ఒత్తిడి ఎక్కువైన వారం నేను ఒక స్టాప్ ముందే దిగి వాటి కింద నడుస్తాను. టెన్షన్ మొత్తం పోతుందని అనను. ఊపిరి మాత్రం ఆడుతుంది.

మా ఆశ్రమంలో అందరినీ కలిపేది మాత్రం డేగలు. నగరం నడిబొడ్డున, 367 కాలిన్స్ స్ట్రీట్ భవనం మీద, చాలా ఎత్తున ఉన్న గట్టు మీద పెరెగ్రిన్ ఫాల్కన్ జంట గూడు పెడుతుంది. వేట మీదికి దూకేటప్పుడు గంటకు 300 కిలోమీటర్ల వేగం దాటే పక్షి! గూటి దగ్గర కెమెరా ఉంది, ఎవరైనా ఇంటర్నెట్‌లో లైవ్ చూడొచ్చు. ఆగస్టు చివరి రోజుల్లో గుడ్లు, ఇంచుమించు నెల తర్వాత తెల్లని నూగు పిల్లలు, నవంబరులో మొదటి ఎగురుడు. ఆ రోజుల్లో హాల్లో పెద్ద టీవీకి అదే పెడతాం. ఎవరితోనూ మాట్లాడని ఒక పెద్దాయన నేను లోపలికి రాగానే "పిల్లలకు తిండి తెచ్చిందా?" అని అడుగుతారు. మందులు వద్దని మొండికేసే పెద్దావిడ, పిల్లలకు తల్లి నోటికందిస్తుంటే చూస్తూ తన మాత్రలు తను వేసుకుంటుంది. ఆమెను బతిమాలడం నాకు ఆ రెండు నెలలూ తప్పుతుంది.

ఈసారి ఎన్ని గుడ్లు పెడుతుందో అని అప్పుడే పందేలు మొదలయ్యాయి. పెద్దాయన మూడంటున్నారు. నేను నాలుగన్నాను.