యంత్రం కొన్న తరువాతి ఖర్చు ఎవరిది?

విశాఖపట్నంలోని ఏదో ఒక ప్రభుత్వాసుపత్రికి కొత్త స్కానింగ్ యంత్రం వచ్చిందంటే, అది ఎన్ని కోట్లదో పత్రికల శీర్షికల్లోనే కనిపిస్తుంది. వారంటీ ముగిశాక, ఆరో ఏట దాని మరమ్మతుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది మాత్రం ఎవరూ రాయరు. నా దృష్టిలో అసలు అడగవలసింది అదే.

మన రాష్ట్రంలో ఇటువంటి కొనుగోళ్లను ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వ వైద్య సేవల, మౌలిక వసతుల సంస్థ ఏపీఎంఎస్ఐడీసీ టెండర్ల ద్వారా చేస్తుంది. ముందు సాంకేతిక అర్హతలు పరిశీలించి, అందులో నెగ్గినవారి ధరల కవర్లను మాత్రమే తెరుస్తారు. చిక్కంతా ఆ ధరలో ఏమేమి కలిసి ఉన్నాయన్న దగ్గరే ఉంది. వారంటీ ముగిశాక వచ్చే సమగ్ర నిర్వహణ ఒప్పందం (సీఎంసీ)లో సాధారణంగా విడిభాగాలూ కలిసే ఉంటాయి. వార్షిక నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ)లో చాలావరకు తనిఖీ, పనివారి కూలి మాత్రమే ఉంటాయి. సీటీ స్కానర్‌లోని ఎక్స్‌రే ట్యూబు వాడేకొద్దీ అరిగిపోయే ఖరీదైన భాగం కనుక, అది ఒప్పందంలో లేకపోతే, చవకగా కొన్నామనుకున్న యంత్రం కొత్త ట్యూబుకు నిధులు మంజూరయ్యే దాకా తాళం వేసిన గదిలో ఉండిపోతుంది. సీఎంసీ మొత్తాన్ని కూడా కలిపి తక్కువ ధర ఎవరిదో తేల్చాలని నేననడం అందుకే. దాతలు, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు ఇచ్చే యంత్రాలకూ ఇదే వర్తిస్తుంది. (ప్రారంభోత్సవ ఫలకం మీద సీఎంసీ గడువు కూడా చెక్కిస్తే బాగుంటుంది.)

యంత్రాలు ఇలా మూలపడడం ఊహాగానం కాదు. కేంద్ర ఆరోగ్య శాఖ జరిపించిన లెక్కింపులో 29,115 ఆరోగ్య కేంద్రాల్లో సుమారు 4,564 కోట్ల రూపాయల విలువైన 7,56,750 పరికరాలు తేలాయి. రాష్ట్రాన్ని బట్టి వాటిలో 13 నుంచి 34 శాతం పనిచేయడం లేదని అప్పట్లో తేలింది. పరికరాల నిర్వహణను మొత్తంగా ఒక ఏజెన్సీకి అప్పగించే పద్ధతి ఆ తరువాతే ఊపందుకుంది. 2016లో మొదలైన జాతీయ డయాలసిస్ కార్యక్రమం మరో దారి పట్టింది: ఆసుపత్రి స్థలం, నీరు, విద్యుత్తు ఇస్తుంది, ఏజెన్సీ యంత్రాలనూ సిబ్బందినీ తెస్తుంది, ప్రభుత్వం సెషన్‌కు ఇంత అని చెల్లిస్తుంది. యంత్రం ఆగితే ఏజెన్సీకే రాబడి ఆగుతుంది కనుక మరమ్మతు త్వరగా జరుగుతుంది.

ఈ ఏర్పాట్లేవీ వర్తించనిది రోగితోపాటు ఇంటికి వెళ్లిపోయే పరికరం. గాజువాకలో ఉండే మా పిన్ని మనవడికి ప్రభుత్వ పథకం కింద కాక్లియర్ ఇంప్లాంటు (శస్త్రచికిత్సతో చెవి లోపల పెట్టే వినికిడి పరికరం) అమర్చారు. లోపలి భాగం దశాబ్దాల పాటు పనిచేసేలా తయారుచేసినది. శబ్దాన్ని గ్రహించేందుకు చెవి వెనుక పెట్టుకునే ప్రాసెసర్, ఆ సంకేతాన్ని లోపలికి పంపే కాయిల్, దాని సన్నని తీగ అలా కావు. చెమటకూ సముద్రపు గాలికీ తేమ పట్టకుండా రాత్రిళ్లు వాటిని సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెడుతుంది మా పిన్ని. అయినా తీగ వంగే చోట తెగింది. కొత్తది సొంత డబ్బుతోనే కొన్నారు. వాడు ఆ కొన్నాళ్లూ ఏమీ వినలేకపోయాడు.

2014 ఏప్రిల్ నుంచి అమలైన సవరణలో దివ్యాంగులకు సహాయక పరికరాలు సమకూర్చే కేంద్రపు ఏడిప్ పథకం ఒక్కో ఇంప్లాంటుకు 6 లక్షల రూపాయల పరిమితి పెట్టింది. అంత పెద్ద మొత్తంలో, అన్ని ఇంప్లాంట్లు ఒకేసారి కొనే ప్రభుత్వానికి బేరమాడే బలం కొనే ఆ ఒక్క రోజే ఉంటుంది. ఒక కంపెనీ ఇంప్లాంటు లోపల అమర్చాక, బయటి భాగాలు ఆ కంపెనీవే కొనక తప్పదు. కాబట్టి తీగ, కాయిల్, బ్యాటరీ, ప్రాసెసర్ మార్పిడి ధరలను పదేళ్లకు సరిపడా టెండర్‌లోనే రాయించుకోవాలి, ఆ విడిభాగాలు జిల్లా కేంద్రంలో నిల్వ ఉంచే బాధ్యతనూ సరఫరాదారు మీదే పెట్టాలి.