హోపేన్లంటే భయం వద్దు: ఆయిల్ ఫింగర్‌ప్రింటింగ్ నేను చదివిన తీరు

గేట్ జియాలజీకి గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్లో ఉండి చదివాను. పెట్రోలియం చాప్టర్‌లో ఆయిల్ ఫింగర్‌ప్రింటింగ్, అంటే ఒలికిన చమురు ఎక్కడిదో దానిలోని పదార్థాలను బట్టి గుర్తుపట్టడం, వచ్చేసరికి మా రూమ్‌లో అందరికీ టెన్షనే. హోపేన్, స్టెరేన్, ప్రిస్టేన్, ఫైటేన్ అంటూ చమురులోని హైడ్రోకార్బన్ల పేర్లు రాత్రి బట్టీ పడితే తెల్లారేసరికి అంతా కలగాపులగం. నాకు పనికొచ్చింది ఒక్కటే: సముద్రంలో పడ్డ చమురులోంచి ఏది ముందు పోతుంది, ఏది మొండిగా మిగులుతుంది అనే వరుస.

తేలికపాటివి ముందు ఆవిరవుతాయి. తర్వాత బ్యాక్టీరియా నార్మల్ ఆల్కేన్ల (కొమ్మల్లేని కార్బన్ గొలుసుల) పని పడుతుంది. కొమ్మలున్న ప్రిస్టేన్, ఫైటేన్ ఇంకొంత కాలం నిలుస్తాయి. హోపేన్లు, స్టెరేన్లు అంత తేలిగ్గా లొంగవు. అందుకే చమురు ఎక్కడిదో తేల్చడానికి, పదార్థాలను విడదీసి వాటి అయాన్ ముక్కల ద్రవ్యరాశి కొలిచే పరికరమైన జీసీ-ఎంఎస్‌లో 191 అయాన్‌తో హోపేన్లను, 217తో స్టెరేన్లను చూస్తారు.

క్రొమటోగ్రామ్, అంటే ఆ పరికరం ఇచ్చే పీక్‌ల గ్రాఫ్, చేత్తో గీయండి. సి17 (17 కార్బన్ల నార్మల్ ఆల్కేన్) పీక్, దాన్ని ఆనుకుని ప్రిస్టేన్. సి18, పక్కనే ఫైటేన్. జెరాక్స్ కాగితాల వెనక తాజా చమురుదొకటి, బ్యాక్టీరియా తిన్నదొకటి గీశాను. రెండోదాంట్లో సి17 కుంగిపోయి ప్రిస్టేన్ పైకి కనిపిస్తుంది. కాబట్టి సి17/ప్రిస్టేన్ నిష్పత్తి తగ్గినంత మాత్రాన చమురు వేరేదని రాసేయకండి.

లెక్కల సంగతి. మూల చమురులో ఒక పదార్థం 100, హోపేన్ 10 అనుకోండి. ఒడ్డున దొరికిన దాంట్లో పదార్థం 40, హోపేన్ 20. చాలామంది 60 శాతం పోయిందంటారు. కానీ హోపేన్ దాదాపు చెక్కుచెదరదు, మిగతావి పోయేకొద్దీ దాని వాటా పెరుగుతుంది. హోపేన్‌తో భాగించండి: 10 కాస్తా 2 అయింది, అంటే పోయింది 80 శాతం. న్యూమరికల్ ప్రశ్నకు నెగెటివ్ మార్కులు లేవు, వదలొద్దు.

ఉదాహరణగా అలాస్కా కేసు చదవండి, మర్చిపోలేరు. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు ఒలికాక ప్రిన్స్ విలియం సౌండ్ తీరంలో తారు ముద్దలు ఏరి పరీక్షిస్తే, కొన్ని ఆ ఓడవి కానే కావు! కార్బన్ ఐసోటోప్ విలువ (కార్బన్-13, కార్బన్-12 నిష్పత్తిని చెప్పే అంకె) ఓడ చమురుకు మైనస్ 29 దగ్గరుంటే, వీటికి మైనస్ 24 దగ్గరుంది. బయోమార్కర్లు (హోపేన్, స్టెరేన్ లాంటి, పురాతన జీవుల నుంచి మిగిలిన అణువులు) కాలిఫోర్నియాలోని మాంటెరే రాతిపొరల చమురుతో కలిశాయి. 1964 అలాస్కా భూకంపంలో పగిలిన నిల్వ ట్యాంకుల నుంచి వచ్చి ఉంటుందని పరిశోధకులు తేల్చారు.

ఇంకోటి, పెట్రోల్ ఒలికిందని ప్రశ్నలో ఉంటే హోపేన్ల జోలికి వెళ్లకండి. అవి బరువైనవి, రిఫైనరీలోనే విడిపోతాయి. ఓడల్లో వాడే హెవీ ఫ్యూయల్ ఆయిల్‌లో మాత్రం ఉంటాయి.