ఇల్లు ఖాళీ చేయించకుండా స్టే కోసం వెళ్తే అఫిడవిట్‌తోనే అసలు పని: నా అనుభవం

మా స్థలానికి 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద ఏడో సెక్షన్ నోటీసు వచ్చింది. రెవెన్యూ రికార్డులో అది గెడ్డ పోరంబోకు (వాగు కింద ఉన్న ప్రభుత్వ భూమి), మా దగ్గరేమో రిజిస్టరయిన దస్తావేజు. విశాఖలో కొండవాలులోనూ గెడ్డ గట్టునా కట్టుకున్న చాలామందిది ఇదే పరిస్థితి. ఏడో సెక్షన్ నోటీసు సంజాయిషీ అడగడానికే. ఖాళీ చేయించే ఉత్తర్వు ఆరో సెక్షన్ కింద విడిగా రావాలి, దానిపై పదో సెక్షన్‌లో అప్పీలు ఉంది. మేం సంజాయిషీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించిన నకలు దాచుకున్నాం. ఉత్తర్వు ఇవ్వకుండానే కూల్చివేతకు సిద్ధమవుతున్నారని తెలిశాక స్టే కోరుతూ హైకోర్టులో రిట్ (అధికారుల చర్యను సవాలు చేసే పిటిషన్) వేశాం.

దానికి జతచేసే అఫిడవిట్ (ప్రమాణం చేసి ఇచ్చే వాంగ్మూలం) టైపై వచ్చింది. ఆ డ్రాఫ్టులో సగం వాక్యాలు ఎవరి కేసుకైనా సరిపోయేవే. అబద్ధం చొరబడేది అక్కడే.

మొదటిది, ‘నాకు ఎలాంటి నోటీసూ అందలేదు’. ఇంట్లో ఎవరూ లేకపోతే నోటీసు తలుపుకి అంటించి, ఇరుగుపొరుగు సంతకాలతో పంచనామా రాస్తారు. పోస్టులో వస్తే ఎప్పుడు అందిందో పోస్టాఫీసు రికార్డే చెబుతుంది. ప్రభుత్వ న్యాయవాది ఆ కాగితం చూపిస్తే కేసు అక్కడే పడిపోతుంది. మేం ఆ వాక్యం కొట్టేయించి, నోటీసు ఫలానా తేదీన అందింది, ఫలానా తేదీన సంజాయిషీ ఇచ్చాం, దానిపై ఉత్తర్వు ఇవ్వలేదు అని రాయించాం. నిజానికి మా కేసు బలమంతా ఆ మూడో ముక్కలోనే ఉంది. నోటీసే రాలేదంటే అది చెప్పుకునే వీలుండదు.

రెండోది, ‘30 ఏళ్లుగా స్వాధీనంలో ఉన్నాం’. ఈ అంకె ఊరికే రాదు. కాలపరిమితి చట్టంలో 112వ అధికరణం ప్రభుత్వం దావా వేసుకోవడానికి 30 ఏళ్ల గడువు ఇచ్చింది కాబట్టి చాలా డ్రాఫ్టుల్లో అదే కనిపిస్తుంది. కానీ కరెంటు మీటరు ఎప్పుడు వచ్చిందో కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ దగ్గర, ఇంటి పన్ను ఎప్పుడు మొదలైందో నగరపాలక సంస్థ జీవీఎంసీ దగ్గర ఉంటుంది. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు ఎవరైనా చూడొచ్చు. కాగితం ఏ ఏడాది నుంచి ఉంటే ఆ ఏడాదే రాయాలి. పన్ను రసీదు స్వాధీనానికి ఆధారమే గాని హక్కు ఇవ్వదు, ‘యజమానిగా పన్ను కడుతున్నాను’ అని రాయించుకోవద్దు.

మూడోది విస్తీర్ణం. సెంటుకి 48.4 గజాలు, అంటే ఐదు సెంట్లు 242 గజాలు. దస్తావేజులో 200 గజాలుండి ప్రహరీ 242కి కట్టి ఉంటే, గొడవ ఆ 42 గజాల మీదే కావచ్చు. ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) నకలు తీసుకుని సర్వేయరుతో కొలిపించి, రెండు అంకెలూ రాయడమే మేలు.

‘ఈ విషయమై మరే కోర్టులోనూ కేసు లేదు’ అన్న వాక్యం మీద సంతకం పెట్టే ముందు అన్నదమ్ములనీ, స్థలం అమ్మినవాళ్లనీ అడగాలి. ఈ-కోర్ట్స్‌లో (కోర్టు కేసుల వెబ్‌సైట్) పేరుతో వెతికితే ఉపసంహరించుకున్న పాత దావా కూడా బయటపడుతుంది.

సివిల్ కోర్టులో అవతలివారికి నోటీసు లేకుండా ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) తెచ్చుకుని, ముఖ్య విషయంలో తెలిసి అబద్ధం చెప్పినట్టు తేలితే, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 4 ప్రకారం దాన్ని రద్దు చేయాల్సిందే. వద్దనుకుంటే కోర్టు కారణం రాయాలి. రిట్‌లోనైతే నిజాలు దాచిపెట్టారన్న ఒక్క కారణంతోనే, హక్కుల జోలికి పోకుండా కొట్టేయొచ్చు. కోర్టులో అబద్ధపు సాక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 229 కింద ఏడేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా కూడా ఉన్నాయి. అవతలివారు నేరుగా కేసు పెట్టలేరు, ఫిర్యాదు కోర్టే చేయాలి, ప్రతి అబద్ధానికీ చేయదు. స్టే పోవడం మాత్రం వెంటనే జరుగుతుంది, ఆ తర్వాత జేసీబీని ఆపే కాగితం మన చేతిలో ఉండదు.

హైకోర్టు అఫిడవిట్ ఇంగ్లీషులో ఉంటుంది. ప్రతి పేరా తెలుగులో చెప్పించుకుని, పక్కన పెన్సిలుతో ఆధార పత్రం పేజీ నంబరు వేశాం. నంబరు దొరకని పేరాలో అది ఎవరి ద్వారా, ఎలా తెలిసిందో రాయించాం. అఫిడవిట్‌లో తనకు స్వయంగా తెలిసినవే రాయాలనీ, మధ్యంతర దరఖాస్తుల్లో నమ్మకం మీద చెప్పేదానికి ఆధారం కూడా చెప్పాలనీ అదే కోడ్‌లోని ఆర్డర్ 19 రూల్ 3 అంటుంది. ఖాళీ కాగితాల మీద సంతకం ఎంత తొందరైనా పెట్టకూడదు. కొట్టివేతల పక్కన పొట్టి సంతకం ఉండాలి.

దాఖలయ్యాక తప్పు కనబడితే, అవతలివారి కౌంటరు (జవాబు అఫిడవిట్) రాకముందే అదనపు అఫిడవిట్ వేయాలి. ఏ పేరాలో ఏముంది, సరైనదేమిటి, ఎందుకు తేడా వచ్చింది అని మూడూ రాసి, కాగితం జతచేసి, నకలు ప్రభుత్వ న్యాయవాదికి ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోవాలి.